మోకాలికి లూజు వదలకు

అక్కా,

నేను కులాసా, బెంగంతా నీ మోకాలి మీదే. డాక్టరు చెప్పిన కసరత్తు చేస్తుంటే, నేను పంపిన మోకాలి తొడుగు చీలమండ దాకా జారిపోతోందని రాశావు. నువ్వు పంపిన కొలత చీటీ మా ఆటసామాన్ల షాపు ఓనరుకు చూపించాను. అందులో పదహారు కొట్టేసి పద్దెనిమిది వేశావు కదా, అది చూసి "మీ అక్క బట్టలు కుడుతుందా?" అన్నాడు. "అవునండీ, ఎలా కనిపెట్టారు?" అంటే, "రెండంగుళాలు లూజు వదిలిందిగా!" అని పగలబడి నవ్వాడు.

మోకాలేమైనా ఎదిగే పిల్లా అక్కా? తొడుగు కాలిని పట్టి ఉంచాలి, అలాగని తిమ్మిరెక్కించకూడదు. నువ్వు వంగితే కొలత మారిపోతుంది. నిటారుగా నిలబడి టేపు బావ చేతికియ్యి. మోకాలిచిప్ప చుట్టూ ఎంతొస్తే అంతే రాయి, కొత్తది పంపుతాను. మిషనుకు మోటారు పెట్టించారా, ఇంకా తొక్కుతూనే ఉన్నావా? దాచకుండా చెప్పు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు

ఈ అంచున కాస్త చోటు మిగిలింది. నేను బయల్దేరేటప్పుడు "ఒళ్ళు చేస్తావులేరా" అని లూజు వదిలి ఒక చొక్కా కుట్టిచ్చావే, అది ఇప్పుడు అతికినట్టు సరిపోతోంది.