డాక్టరమ్మ చెప్పిన నలభై రోజులు

బారిడీహ్,
సోమవారం.

డాక్టర్ వసంతలక్ష్మి గారికి, క్రేన్ ఆపరేటర్ ఆదిబాబు నమస్కరించి రాయునది.

కిందటి వారం మాంగోలో మీ క్లినిక్‌కు వచ్చి అరగంట చలి గురించి మాట్లాడి, లేచి వెళ్ళబోతూ అసలు సంగతి చెప్పినవాణ్ణి నేనే. మళ్ళీ రావడానికి ధైర్యం లేదు. మీ క్లినిక్ కింద టైలరింగ్ షాపు మా వదినది. ఫోను చేస్తే గోడ అవతలికి వినిపిస్తుంది. మెసేజి పెడితే మా చెల్లెలు శైలజ అమ్మకు చదివి వినిపిస్తుంది. అందుకే ఉత్తరం. జవాబు మా ఫ్యాక్టరీ క్యాంటీన్ అడ్రసుకు రాయండి.

పరీక్షలన్నీ బాగున్నాయి, భయమే జబ్బు అన్నారు. నలభై రోజులు ఆ ప్రయత్నమే చెయ్యవద్దన్నారు. పెళ్ళయి ఏడు నెలలైంది, తనంటే నాకు ఇష్టం లేదని ఉమ అనుకుంటోంది. ఇక ఈ మాట ఎలా చెప్పను? ఆలోచించి మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు ఎవరూ ఏమీ అడగరు.

ఇట్లు,
ఆదిబాబు

తా.క.: పొద్దున్నే "ఏటిరా, ఇసేసమేటైనా ఉందా?" అని అడగడం అమ్మ మానేసింది. అప్పుడే కాస్త గుణం కనిపిస్తోంది.

మాంగో,
గురువారం.

ఆదిబాబు గారికి శుభాకాంక్షలు.

ప్రయత్నం మానమన్నాను గాని, మనిషిని మానమనలేదు. రోజూ అరగంట ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, కబుర్లు చెప్పాలి. నిద్ర లేచేసరికి అంతా సవ్యంగానే ఉంటోందని మీరే అన్నారు. అంటే ఒళ్ళు బాగానే ఉంది. 'ఈసారీ కాకపోతే?' అన్న బెంగే మిమ్మల్ని ఓడిస్తోంది. పరీక్ష లేదని మనసుకు నమ్మకం కుదిరితే ఆ బెంగ తగ్గుతుంది.

వసంతలక్ష్మి

తా.క.: ఆవిడ ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారు?

బారిడీహ్,
సోమవారం.

డాక్టరమ్మ గారికి నమస్కారాలు.

"స్వామీ" అంటోంది. నేను "మాతా" అనాలి. మొదటిసారి అన్నప్పుడు తన చేతిలో గరిటె జారిపోయింది. చెయ్యి పట్టుకుందామని వెళితే వంగి నా కాళ్ళకు దండం పెట్టింది.

"పెళ్ళైన ఏడాదే ఎంత నిగ్రహమో, మా బుల్లోడిది!" అని అమ్మ వీధంతా చాటింది. ఇంట్లో రోజూ భజన. గురుస్వామి పోలరాజు గారు ఏటా వేసుకోమంటున్నారు.

నిన్న ఉమ పలాసకు టికెట్ తీసుకుంది. "మీరు సన్నాసుల్లో కలిసిపోండి. నాను మా ఊరెల్లిపోతన్నాను" అంది. శనివారం ప్రయాణం. అది వెళ్ళిపోతే నేను ఉండలేను. ఏదైనా చెయ్యండి.

ఆదిబాబు

తా.క.: మా ఫోర్‌మన్ నన్ను పక్కకు పిలిచి "ఆదీ, ఇత్‌నా కంట్రోల్ కైసే?" అని అడిగారు. ఇంత నిగ్రహం ఎలాగో ఏమని చెప్పను?

మాంగో,
బుధవారం.

ఆదిబాబు గారూ,

ఇది మనిషితో పంపిస్తున్నాను. ముందు గురుస్వామికి నిజం చెప్పి మాల తీయించుకోండి. దేవుణ్ణి అడ్డు పెట్టుకోవద్దు. భార్యకు చెప్పడానికి నోరు రాకపోతే ఈ కాగితం ఆవిడ చేతికివ్వండి.

అమ్మా ఉమామహేశ్వరీ! ఆయనకు నువ్వంటే ఇష్టం లేక కాదు. నీ ముందు చిన్నబోతానేమోనని భయం. ఇలాంటి భయం చాలామందికి ఉంటుంది. ఇద్దరూ కలిసి పోగొట్టుకోవచ్చు. ఇవాళ్టి నుంచి మళ్ళీ లెక్కపెట్టి నలభై రోజులూ నా షరతు మాత్రం తప్పవద్దు.

వసంతలక్ష్మి

బారిడీహ్,
ఆదివారం.

డాక్టరమ్మ గారికి ఉమామహేశ్వరి నమస్కారాలు.

మీ ఉత్తరం నా చేతికిచ్చి ఆయన బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నారు. చదివి ఏడ్చాను. ఏడు నెలలుగా నేను అందంగా లేననుకున్నానండీ. తలుపు కొట్టి "రండి, నానేటీ అనను" అంటే బయటికొచ్చి, ఆ రోజు రెండు గంటలు మాట్లాడారు. టికెట్ రద్దు చేశాం. మాల తియ్యమంటే గురుస్వామి తిడతారని భయపడ్డాం. గురుస్వామి గారు అంతా విని మాల తీసి, "ఏ డాక్టరమ్మ? అడ్రసు సెప్పు" అని రాసుకున్నారట.

పది రోజులుగా సువర్ణరేఖ నది వంతెన మీద చెయ్యి పట్టుకుని నడుస్తున్నాం. నిన్న ఈయన, షరతు కాస్త సడలిద్దామా అని నన్ను అడిగారు. డాక్టరమ్మ మాటంటే మాటే అని నేనే గదమాయించాను. ఇంకా ముప్పై రోజులున్నాయి. కాస్త తగ్గించడానికి వీలుంటే వెంటనే రాయగలరు.

ఇట్లు,
ఉమామహేశ్వరి

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం మూడు రోజులు మరిచిపోయాను. షరతు నేనే తప్పాను, ఆయన తప్పేమీ లేదు. జవాబు రాయనక్కరలేదు.