మూడు రోజుల ఇంజెక్షన్

చిరంజీవి చిన్నికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ క్షేమంగా ఉంది. నేనూ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, మరిదిగారూ, నీ కడుపులోని బిడ్డా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు అలిగి ఉంటావు. మధ్యలో మూడుసార్లు ఫోన్ చేసింది కదా, అడిగినవాటికి అప్పుడైనా చెప్పొచ్చు కదా అని కూడా అనుకుని ఉంటావు. నిజానికి చెప్పాలనే చేశాను. మూడుసార్లూ అమ్మ కంటి చుక్కల గురించీ, మీ వంటింటి కప్పు కారడం గురించీ మాట్లాడి పెట్టేశాను. అందుకే ఇప్పుడు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నీ గొంతు వినపడితే నేను ఈ సంగతి చెప్పలేను.

ముందు అమ్మ సంగతి. ఆపరేషన్ అయ్యాక చూపు బాగా వచ్చింది. చూపు వచ్చీ రాగానే ఆవిడ చేసిన మొదటి పని నా తలలో తెల్లవెంట్రుకలు చూడటం. "నాకంటే నువ్వే ముసలిదానివయ్యావే" అంది. నీ బిడ్డకి టోపీ అల్లుతోంది. ఇప్పటికి నాలుగుసార్లు విప్పి అల్లింది. ఆరో నెల వచ్చింది, బడికి ఎప్పటినుంచి సెలవు పెట్టమంటావని అడిగావు. మీ డాక్టరమ్మ చెప్పినప్పుడు పెట్టు. అంతవరకు పాఠాలు చెప్పుకో, నడువు, అవసరమైతే బస్సెక్కు. బస్సుకి భయపడకు. ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో కింద రాస్తాను.

మా అధ్యయనాన్ని మధ్యలో ఆపేశారని పేపర్లో చూశానన్నావు. ఆరేళ్ల కష్టం వృథా అయినట్టేనా అక్కా అని అడిగావు. వృథా కాలేదు. నా బాధంతా అదే.

నేను చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి, ఊపిరితిత్తులు త్వరగా బలపడతాయని ఒక మందు ఇస్తారు. రోజుకొకటి చొప్పున మూడు రోజులు. నర్సులు దాన్ని మూడు రోజుల ఇంజెక్షన్ అంటారు. దేశంలో సగం ఆసుపత్రులు ఇస్తాయి, సగం ఇవ్వవు. ఇచ్చేవాళ్లని అడిగితే, ఇవ్వకపోతే పిల్లలు దక్కరంటారు. ఇవ్వనివాళ్లని అడిగితే, ఇస్తే దక్కరంటారు. ఇద్దరూ కళ్లారా చూసి చెబుతున్నామంటారు. కానీ ఒక్కో ఆసుపత్రికి అలాంటి పిల్లలు ఏడాదికి ఏ నలభైమందో వస్తారు. ఆ నలభైమందిలో ఎవరు మందు వల్ల బతికారో, ఎవరు మందు లేకపోయినా బతికేవారో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆసుపత్రులన్నీ ఒకే పద్ధతిలో, ఒకే ఫారం మీద రాసి, అందరి పిల్లల్నీ ఒకచోట చేర్చి చూస్తేనే తేలుతుంది. అలా చేర్చడానికి ఒక జాతీయ కూటమి కావాలి. ఆ కూటమి కట్టడమే నా ఆరేళ్ల పని.

డాక్టరునన్న మాటే గానీ, పెళ్లిళ్ల పేరయ్యలా ఊరూరా తిరిగాను. ఒక పెద్దాయన తమ వార్డు వివరాలు బయటివాళ్లకెందుకు చూపించాలని మొహం మీదే అడిగాడు. ఇంకొకాయన, చివర్లో అచ్చయ్యే పత్రంలో తన పేరు ఎన్నోదని అడిగి, మూడోదంటే లేచి నిలబడ్డాడు. ఒకచోట మా మనిషికి కూర్చునే చోటంటూ మెట్ల కింద చీపుర్ల గది ఇచ్చారు. ఆ పిల్ల చీపుర్లు ఒక మూలకి జరిపి, రెండేళ్లు అక్కడే కూర్చుని ఒక్క తప్పు లేకుండా ఫారాలు నింపింది. అలాంటివాళ్ల వల్లే ఇరవై మూడు ఆసుపత్రులు ఒక్క తాటి మీదికి వచ్చాయి.

తీరా వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఫారంలో కిలో అని రాస్తే అన్నిచోట్లా అది కిలోయే అనుకున్నాను. అనుమానం వచ్చి సంచిలో కిలో రాయి వేసుకుని బయలుదేరి, ఒక్కో వార్డులో తూకం మిషన్ మీద పెట్టి చూశాను. ఒకచోట తొమ్మిది వందల ఇరవై చూపించింది. అక్కడి హెడ్ నర్సు రాయిని తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే అంకె. ఎనిమిదేళ్లుగా ఆ మిషన్ చెప్పిన బరువును బట్టే పసిపిల్లలకి మందు మోతాదు కడుతున్నారు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మిషన్ మార్పించి వచ్చాను.

తర్వాత అసలు పని మొదలైంది. తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెడితే, సీలు వేసిన కవరు చించుతారు. అందులో ఉన్న నంబరు సీసాలోది బిడ్డకి ఎక్కిస్తారు. సీసాలో మందుందో, ఉత్త ఉప్పునీరుందో డాక్టరుకీ తెలియదు, నర్సుకీ తెలియదు, నాకూ తెలియదు. మా ఆసుపత్రిలో ఒక తల్లి పెన్ను చేతిలో పట్టుకుని, "మీ బిడ్డయితే ఈ కాగితం మీద సంతకం పెడతారా?" అని నన్నడిగింది. పెడతానన్నాను. పెట్టింది. పదకొండో రోజున ఆ బిడ్డ పోయాడు.

ఏ బిడ్డకి ఏ సీసా వెళ్లిందో ముగ్గురు పెద్దల కమిటీకి మాత్రమే తెలుసు. వాళ్లు అప్పుడప్పుడూ లెక్క తీసి చూస్తారు. మాకు పన్నెండు వందల మంది పిల్లలు కావాలి. ఆరు వందల నలభై దగ్గర పిలుపు వచ్చింది. కమిటీ పెద్ద ఒక రిటైరైన లెక్కల ప్రొఫెసరు. ఫోన్లో ఏమీ చెప్పకుండా ఇంటికి రమ్మన్నారు. నేను కూర్చున్నాక ఒక కాగితం నావైపు తిప్పి పెట్టారు. మందు అందిన మూడు వందల ఇరవై మందిలో డెబ్భై ఒక్కరు పోయారు. ఉప్పునీరు అందిన మూడు వందల ఇరవై మందిలో నలభై ఆరుగురు.

"నా పొరపాటేమోనని నాలుగుసార్లు చేశానమ్మా" అన్నారాయన. "ఇవాళే ఆపించండి."

ఆయన ఇంటినుంచే వరసగా ఇరవై మూడు ఫోన్లు చేశాను. పద్నాలుగో ఆసుపత్రిలో ఎత్తిన నర్సు, సిరంజి నింపి చేతిలో పట్టుకుని ఉన్నానంది. పారబొయ్యమన్నాను. "మందు అయిపోతుందేమోనని ఇన్నాళ్లూ చుక్క పోకుండా చూసుకున్నామమ్మా" అంది. అయినా పారబోసింది.

నాకు పసిపిల్లల వైద్యం నేర్పిన మా గురువుగారు నీకు తెలుసు. ఈ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పిందీ ఆయనే. తెలిసిన నిజానికి మళ్లీ పరీక్షెందుకని మూడేళ్లు తిప్పించుకుని, కూటమిలో అందరికంటే ఆఖరున చేరారు. కబురు నేనే వెళ్లి చెప్పాను. కాగితం అడిగి తీసుకుని చదివారు. ముప్పై ఒక్క ఏళ్లు ఇచ్చానన్నారు. నేను లేవబోతుంటే మెల్లగా అన్నారు.

"నేను బతికించానని నా పేరు పెట్టుకున్న పిల్లలు ముగ్గురున్నారమ్మా. వాళ్లు నా వల్ల బతకలేదన్నమాట. నన్ను తట్టుకుని బతికారు."

మర్నాడు తన వార్డులో ఆ మందు ఆపమని రాసి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఆసుపత్రికి రాలేదు. ఇంటికి వెళితే తలుపు తీయడం లేదు.

పదకొండో రోజున బిడ్డని పోగొట్టుకున్న ఆ తల్లి ఇల్లు వెతుక్కుని వెళ్లాను. బాబుకి అందింది మందేనని చెప్పాను. మొత్తం విని, నీళ్లు తాగుతారా అని అడిగింది. అంతే. తిరుగుదారిలో నాకు నువ్వే గుర్తొచ్చావు. ముక్కూ మొహం తెలియని ఆమెకి చెప్పగలిగినదాన్ని నీకు చెప్పలేకపోతున్నాను.

నీ ఉత్తరంలో చివరి పేరా ఇది. "అక్కా, ఈ బిడ్డ కూడా తొందరపడితే నువ్వే రావాలి. అప్పటిలాగే ఆ ఇంజెక్షన్ నువ్వే తెచ్చి ఇవ్వాలి. అప్పుడు ఆలస్యమైంది గానీ, ఈసారి మొదటి గంటలోనే ఇచ్చేద్దువుగాని." దాని పేరు నీకు తెలియదు. మూడు రోజుల ఇంజెక్షన్ అదే, చిన్నీ.

తొమ్మిదేళ్ల కిందట నీ బాబు ఏడో నెలలో పుట్టినప్పుడు నేను రెండో రోజుకి చేరాను. మీ ఊరి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అప్పుడే చదువు ముగించి వచ్చినవాడు. "బాబు నిలకడగా ఉన్నాడు మేడమ్. మా దగ్గర అది వాడం" అన్నాడు. నేను అతన్ని అతని నర్సుల ముందే చదువు రానివాణ్ణి చేసి మాట్లాడాను. మీ పెద్ద డాక్టరుకి ఫోన్ చేయించి, ఒప్పించి, మా ఆసుపత్రినుంచి ఐస్ డబ్బాలో తెచ్చిన మందు నా చేతులతో ఎక్కించాను. మూడు రోజులూ నేనే. ఐదో రోజున వాడి పొట్ట ఉబ్బింది. పేగుకి చిల్లు పడింది. ఆరో రోజు మధ్యాహ్నం పోయాడు. మా అధ్యయనంలో మందు అందిన పిల్లల్లో ఎక్కువగా కనిపించిందీ అదే, పేగు చిల్లు పడటం. నీతో మాత్రం ఊపిరితిత్తులు ఎదగలేదని చెప్పాను.

అప్పటికి ఆ మందు మంచిదని నమ్మే ఇచ్చాను. నావైపు నుంచి చెప్పుకోగలిగింది అంతవరకే. ఆ తర్వాత చేసినదానికి చెప్పుకునేది ఏమీ లేదు. వారం తర్వాత, మీ అత్తగారు పక్కన కూర్చుని ఉండగా, నువ్వడిగావు. "ఉద్యోగ బదిలీ కోసం కడుపుతో అంత దూరం బస్సులో వెళ్లకుండా ఉంటే వీడు బతికేవాడా అక్కా?" అని. నాకు అప్పటికే అనుమానం పుట్టింది. పేగు ఎందుకు చిల్లుపడిందని నాలో నేను అడుగుతూనే ఉన్నాను. అయినా "ఏమో, చెప్పలేం" అన్నాను. ఆ మాట పట్టుకుని మీ అత్తగారు నిన్ను ఎన్నేసి మాటలన్నారో నాకు తెలుసు. తొమ్మిదేళ్లు నువ్వు బస్సెక్కలేదు. ఎండలో, వానలో బడికి నడిచావు. నాన్న పోయినప్పుడు కూడా అందుకే ఆలస్యంగా వచ్చావు. అన్నీ చూస్తూ ఊరుకున్నాను.

నీ బాబుని ఆ మందే చంపిందని నేను రుజువు చేయలేను. ఒక్క బిడ్డ విషయంలో ఎవరూ చేయలేరు. కానీ నీ ప్రయాణం చంపలేదని చెప్పగలను. బస్సెక్కినంత మాత్రాన నొప్పులు ముందుగా రావు. పైగా వాడు పుట్టాక రెండు రోజులు నిలదొక్కుకున్నాడు.

ఈ కూటమి ఎందుకు మొదలుపెట్టారని సభల్లో అడుగుతారు. దేశంలోని పసిపిల్లల కోసమని చెబుతూ వచ్చాను, చప్పట్లు కొట్టారు. నిజమేమిటంటే, నా చేతులు శుభ్రమేనని తేలాలని మొదలుపెట్టాను. మందు మంచిదని తేలితే నీకు ఈ సంగతి జన్మలో చెప్పక్కర్లేదనుకున్నాను. అందుకోసం ఆరు వందల నలభై ఇళ్లవాళ్లచేత సంతకాలు పెట్టించాను. ఇప్పుడు ఇరవై మూడు ఆసుపత్రుల్లోనూ ఆ మందు ఆగింది. ఇకమీద బతికేవాళ్లు బతుకుతారు. అది నాకు ఊరట కావాలి. ఇంకా కాలేదు.

ఆనాటి డ్యూటీ డాక్టరే ఇప్పుడు మీ ఊరి ఆసుపత్రిలో పిల్లల వార్డు పెద్ద. క్షమించమని అతనికి రాశాను. ఆ రోజు తను ఇంకాస్త గట్టిగా అడ్డుపడి ఉండాల్సిందని జవాబు రాశాడు. నొప్పులు ముందే వస్తే నా కోసం ఆగకు, నేరుగా అతని దగ్గరికి వెళ్లు. అతను చెప్పినట్టు విను. ఈ ఉత్తరం మరిదిగారికి చూపించు. మీ అత్తగారికి పూర్తిగా చదివి వినిపించు. అమ్మకి నిన్న చెప్పాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నువ్వు రమ్మంటే వస్తాను, వచ్చినా వార్డు గుమ్మం దాటను. వద్దంటే రాను. నన్ను తిట్టడానికైనా సరే, ఒక్క ముక్క రాయి.

దీంతోపాటు ఒక కాగితం పెడుతున్నాను. నీ బాబు కేస్ షీటులో రెండో రోజు పేజీకి నకలు. ఇన్నాళ్లూ నా బీరువాలోనే ఉంది. నువ్వు పిండి పంపిన పాలు వాడికి అందనేలేదని, పారబోసి ఉంటారని నువ్వు ఎన్నోసార్లు ఏడ్చావు. పై నుంచి ఆరో వరుస చూడు. నర్సు చేతిరాత, నిదానంగా చదివితే తెలుస్తుంది. "ఉదయం పది గంటలకు తల్లిపాలు, చెంచాతో రెండు చుక్కలు. మింగాడు."

ఇట్లు,
నువ్వు ఏం రాసినా తల వంచుకుని చదివే
నీ అక్క