ఎండకా, గుండుకా

1948 సెప్టెంబరు, ఆదివారం
లాలాగూడ

చర్చి నుంచి తిన్నగా బోయిన్‌పల్లిలో మేం కట్టుకుంటున్న ఇంటి దగ్గరికి వెళ్లాం. రజాకార్ల భయంతో ఊరెళ్లిపోయిన మేస్త్రి మల్లయ్య, సైన్యం వచ్చి అంతా సద్దుమణిగాక ఇవాళే తిరిగొచ్చాడు. పునాది మీద గడ్డి మొలిచింది. రోడ్డు వైపు నిలబడి అడిగాడు.

"గీ పడమటి గోడ ఎండకా అమ్మా, గుండుకా?"

వేసవిలోనూ ఇదే అడిగాడు. అప్పుడు మావారు నన్ను నోరెత్తనివ్వకుండా "గుండుకే" అన్నారు. తూటా దూరకుండా రెండడుగుల మందాన రాతిగోడ, కిటికీ అసలే వద్దని. రాయి పగలంతా కాగి రాత్రంతా వేడి కక్కుతుంది, తూటా తగలకపోయినా పిల్లలు ఉడికిపోతారని నేను ఏడ్చాను కూడా.

ఇవాళ మావారు నా వైపు చూసి నవ్వారు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి! "ఎండకే మల్లయ్యా. అమ్మగారు ఎలా చెబితే అలా."

ఇటుకతో జంటగోడ, మధ్యన నాలుగు వేళ్ల సందు. వేడి ఆ సందు దాటి లోపలికి రాదట. పైన సున్నం, పెద్ద కిటికీ. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

"మరి తెప్పించిన రాళ్లేం చేద్దాం?" అన్నాను.

"ఎదురింటి హుసేన్ సాబ్ అడుగుతుండమ్మా. మిలిట్రీ వచ్చిన కాడినుంచి పరేషాన్‌ల ఉన్నడు. ఆయనకు సుత రోడ్డు దిక్కు గోడ గావాల్నంట. కిటికీ లేకుండ."

మావారి నవ్వు ఆగిపోయింది. రాళ్ల కుప్ప దాకా నడిచి, ఎదురింటి వైపు చూశారు.

కిటికీ మాత్రం పెద్దదే పెట్టిస్తాను. తెరిస్తే ఎదురుగా కనిపించేది మా రాళ్లతో లేచిన ఆయన గోడేనేమో...