సింహాచలమ్మ మాట్లాడే చోటు

ఖరిదా,
సోమవారం

చిరంజీవి మేనకోడలు రష్మితకు,

మామయ్య నూకయ్య దీవెనలు. ఇక్కడ ఒకరు క్షేమం. ఆ ఒకరు నేను. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. రైల్వే వర్క్‌షాపు వాటిని ఉంచుకుని పింఛను ఇచ్చింది. ఫోనులో తెలుగు కొట్టడం నాకు చేతకాదు.

పక్కింటి ఆలిస్ వానాకాలంలో పోయింది కదా. అప్పటినుంచి మీ సింహాచలమ్మ అత్తయ్యకు మాట తగ్గింది. తర్వాత తిండి తగ్గింది. ఇప్పుడు పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటుంది. రక్తపరీక్షలన్నీ చేయించాను. అన్నీ బాగున్నాయన్నారు. బాగున్న మనిషి తల దువ్వుకోవడం ఎందుకు మానేస్తుంది?

నువ్వు హిజ్లీ క్యాంపస్‌లో చదువుకుంటూనే, మనసు బాగాలేని పిల్లలకు అక్కడి కౌన్సెలింగ్ సెంటర్లో తోడుగా ఉంటావని మీ నాన్న చెప్పాడు. పెద్దవాళ్ళకూ అదే పద్ధతి అయితే రాయి.

మీ మామయ్య,
నూకయ్య

తా.క.: ఉత్తరం ఆటో గిరిబాబు తెస్తాడు. ఈ బెంగాలీ ఊళ్ళోనే పుట్టినవాడు, తెలుగు చదవడం రాదు కనుక కవరు అంటించలేదు.

హిజ్లీ,
మంగళవారం

మామయ్యకు నమస్కారాలు.

చదివి చాలా బాధపడ్డాను. అత్తయ్యది డిప్రెషన్ కావచ్చు. అది జబ్బే. బద్ధకమూ కాదు, పిచ్చీ కాదు. అవునో కాదో చెప్పవలసింది మానసిక వైద్యులు. నేను కనుక్కుంటున్నాను.

ఈలోగా ‘ధైర్యంగా ఉండు’, ‘ఆలిస్‌ని మర్చిపో’ అనకండి. ఎలా ఉందని అడగండి. చెప్పింది వినండి. ఒంటరిగా వదలకండి.

మీ కోడలు,
రష్మిత

తా.క.: మీ దస్తూరీ ముత్యాల్లా ఉందని గిరిబాబు మెచ్చుకున్నాడు. ఈసారి కవరు అంటించండి.

ఖరిదా,
శుక్రవారం

చిరంజీవి రష్మితకు దీవెనలు.

నువ్వు రాసినట్టే చేశాను. ఒంటరిగా వదలవద్దన్నావు. వర్క్‌షాపులో నడుస్తున్న మిషను దగ్గర మనిషి లేకుండా ఉండకూడదు. అందుకని డ్యూటీలు వేసి తలుపు మీద సుద్దతో రాశాను. మొదటి షిఫ్టు అప్పలనర్సమ్మ, రెండో షిఫ్టు హైమవతి, రాత్రి నేను. ఇద్దరూ మా వరస ఇళ్ళవాళ్ళే, మంచివాళ్ళే.

చిక్కేమిటంటే, రెండో షిఫ్టు వచ్చినా మొదటి షిఫ్టు కదలడం లేదు. ఇద్దరూ కూర్చుని టీవీ చూస్తున్నారు. మధ్యలో నర్సమ్మ, “ఓలమ్మా, నీకేటి తక్కువే? మొగుడు తాగడు, కొట్టడు. సెవుడొకటే కదా!” అని ఓదార్చిందట. హైమవతి దిష్టి తీయడానికి ఇంకొకామెను తెచ్చింది. వాళ్ళ కోసం టీ పెట్టడానికి మీ అత్తయ్య మంచం దిగింది. అది చూసి గుణం కనిపిస్తోందనుకున్నాను.

నిన్న స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎంత పిలిచినా రాలేదు. తలుపు బాదాను. చివరికి లోపలినుంచి, “ఇక్కడొక్కసోటే డ్యూటీ నేదు. కాసేపు ఒగ్గీయండి” అన్నదట. ఆ మాట కూడా నర్సమ్మ చెబితేనే నాకు తెలిసింది.

మీ మామయ్య,
నూకయ్య

తా.క.: ఆదివారానికి హైమవతి ఓవర్‌టైమ్ అడుగుతోంది.

హిజ్లీ,
శనివారం

మామయ్యకు నమస్కారాలు.

డ్యూటీలన్నీ వెంటనే రద్దు చేయండి. తలుపు మీద రాసింది తుడిచేయండి. తోడంటే కాపలా కాదు. మీరొక్కరు పక్కన కూర్చుంటే చాలు.

స్నానాల గది మాట చదివి మా కౌన్సెలర్ వినీల మేడమ్‌ను కలిశాను. ఒక ప్రశ్న తప్పకుండా అడగమన్నారు: చనిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. పుట్టదు. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే మనిషికి ఊపిరి ఆడుతుంది. అవునంటే ఆ క్షణం నుంచి ఆమెను విడిచి ఉండకండి, వెంటనే నాకు కబురు చేయండి.

ఏకాంతంగా, నెమ్మదిగా అడగండి.

మీ కోడలు,
రష్మిత

తా.క.: నెమ్మదిగా అంటే చిన్న గొంతుతో.

ఖరిదా,
ఆదివారం

చిరంజీవి రష్మితకు దీవెనలు.

అడిగాను. తలుపులు, కిటికీలు మూశాను. ఫ్యాను కూడా ఆపాను. ఆమె పక్కన కూర్చుని, చిన్న గొంతుతోనే అనుకుంటూ అడిగాను. నా చిన్న గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా.

ఆమె ఏదో చెప్పింది. వినపడలేదు. కుడి చెవి దగ్గర పెట్టి “ఏటి?” అన్నాను. మళ్ళీ చెప్పింది. “ఏటీ?” అన్నాను. ఈసారి గోడ అవతలినుంచి నర్సమ్మ అరిచింది: “ఒకో పొద్దు సచ్చిపోతే బాగున్ను అనిపిస్తందంట మావా! సేసుకోడానికేటీ అనుకోనేదంట!”

ఆ అరుపు నాకు స్పష్టంగా వినపడింది. వరసంతటికీ వినపడింది.

మీ అత్తయ్య దుప్పటి ముసుగేసుకుంది. అప్పటినుంచి ఒక్క మాట లేదు. నేను పక్కనే కూర్చున్నాను. వంట కూడా నర్సమ్మే పంపింది. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే తల అడ్డంగా ఊపింది. భయంగా ఉందమ్మా.

మీ మామయ్య,
నూకయ్య

తా.క.: ఈ పూట తా.క. ఏమీ లేదు.

హిజ్లీ,
ఆదివారం సాయంత్రం

మామయ్యా,

గిరిబాబును ఆపి ఇక్కడే నిలబడి రాస్తున్నాను. బుధవారానికి డాక్టరును కుదిర్చాను, నేనూ వస్తాను. అంతవరకు ఆమె దగ్గరే ఉండండి. మందులవీ మీ దగ్గర పెట్టుకోండి. పరిస్థితి ఏమాత్రం మారినా బుధవారం దాకా ఆగవద్దు, నేరుగా హాస్పిటల్‌కు తీసుకెళ్ళండి.

రేపు ఇద్దరూ మా క్యాంపస్‌కు రండి. చెట్ల కింద ప్రశాంతంగా ఉంటుంది. అక్కడైతే ఆమె మాట్లాడగలదు. గేటు దగ్గర ఎదురు చూస్తాను.

రష్మిత

ఖరిదా,
సోమవారం

చిరంజీవి రష్మితకు దీవెనలు.

గేటు దగ్గర నిన్ను నిలబెట్టినందుకు ఏమీ అనుకోకు. బయలుదేరిన మాట నిజం. ఆటోలో ఆలోచించాను. ప్రశాంతమైన చోట ఆమె మాట నాకు వినపడాలంటే అరవాలి. అరిస్తే మీ సైకిళ్ళ పిల్లలంతా ఆగి చూస్తారు. మాకు కావలసింది నిశ్శబ్దం కాదనిపించింది. గిరిబాబును గోల్‌బజార్‌కు తిప్పమన్నాను.

చేపల వరసలో నిలబడ్డాం. అక్కడ అందరూ అరుస్తారు, ఎవరూ వినరు. ఆమెను నా ఎదురుగా నిలబెట్టి, “ఇప్పుడు సెప్పు” అన్నాను. వర్క్‌షాపు మోతలో మేము పనివాళ్ళం ఒకరి మాట ఒకరం నోరు చూసి పట్టేవాళ్ళం. ఇంటి దగ్గర ఇన్నేళ్ళూ ఆమెకు చెవి తిప్పాను గాని ముఖం తిప్పలేదు.

మొదట చుట్టూ చూసింది. తర్వాత అరిచింది.

“ఆలిస్ పోయిన కాడినుంచి పొద్దున్న ఎందుకు లెగుస్తన్నానో తెల్దు! దానికైతే గోడ పక్కన కూకుని మెల్లగా సెప్పీదాన్ని. నీకు సెప్పాలంటే ఊరంతటికీ సెప్పాలి. ఏడుపు అరిసి ఎలగ సెప్తారయ్యా?”

ఇంకా చాలా చెప్పింది. అంతా నాకు అందింది. తల ఊపుతూ విన్నాను. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ధర దగ్గర పేచీ అనుకుని చేపలతను, “మాషీ, ఏడవకండి, తగ్గించి ఇస్తాను” అని పిన్ని వరస పెట్టి బెంగాలీలో బతిమాలాడు. మీ అత్తయ్య ఏడుస్తూనే చేప మొప్పలు ఎత్తి చూసి, తాజాది కాదంది.

ఇన్ని నెలల తర్వాత ఆమెకు ఒక వస్తువు మీద అభిప్రాయం కలిగింది. నేను ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

బుధవారం డాక్టరు దగ్గరకు వస్తానంది. నా చెవులు కూడా చూపించుకోవాలని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.

మీ మామయ్య,
నూకయ్య

తా.క.: మీ అత్తయ్య తనూ రాస్తానంటోంది. కలం ఆమెకిస్తున్నాను. నన్ను చూడవద్దంది.

రష్మితమ్మా, నాను అత్తని. అంతా అందిందని మీ మావయ్య రాసినాడు కదా. అందనేదు. మద్దిలో మొకం పక్కకి తిప్పుకుని, ఇన్నేళ్ళకీ కలిపి తిట్టినాను. నాను పాట పాడతన్నాననుకుని తల ఊపినాడు. గుండె తేలికయినాది. రేత్రి కూడా నిద్ర రాపోతే ఏటి సెయ్యాలో డాక్టర్ని నువ్వే అడుగు, నాకు సిగ్గు.