నల్ల చుక్క

1999 జూన్, మంగళవారం

కార్గిల్‌లో ఉన్న వాళ్ల నాయనకు మా నాలుగో తరగతి నాగలక్ష్మి రాసిన ఉత్తరం మధ్యాహ్నం నేనే పోస్టు డబ్బాలో వేశాను. చిరునామా రాసిందీ నేనే. కవరు వెనక్కి తిప్పి చూడలేదు, ఏం టీచర్ని!

బడి వదిలాక ఆ పిల్ల గొప్పగా చెప్పింది: "కవరు మూలకు కాటుక చుక్క పెట్టినా మేడం. నాయనకు దిష్టి తగలగూడదని."

మూలకు నలుపంటిన ఉత్తరం చావు కబురని దానికి తెలియదు. ఆయనకు తెలుసు.

పరుగెత్తాను. "సంచి బస్సెక్కి పోయిండాదమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు.

ఇప్పుడు ఇంకోటి రాసి నాలుగు మూలలా పసుపు పూశాను. అయినా ముందు చేరేది అదే. దాన్ని చించేలోపు ఆయన మనసులో ఎవరు పోతారో! కవరు మీద బిడ్డ చేతిరాత కూడా లేదు.