తెల్ల జెర్సీ మీద పసుపు

శ్రీనూ,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మన మేఘనకి కాలేజీ ఫుట్‌బాల్ జట్టువాళ్ళు కొత్త జెర్సీ ఇచ్చారు. పోయినేడాది దానిలాగే తెలుపు, మెడపట్టీ మాత్రం ఆకుపచ్చ. కొత్త బట్టకి పసుపు పెట్టడం ఎప్పుడూ నీ పనే కదా. నేను పెట్టొచ్చా అని ఒక్క నిమిషం ఆలోచించి, ఎవరేమనుకుంటే నాకేంటని పెట్టేశాను. లోపలివైపు, వీపు మీది అంకె వెనకాల, అచ్చం నీలాగే.

చూస్తుండగానే పసుపు బయటికి దిగి మరకైంది. ఈ బట్ట జల్లెడలా అన్నీ సన్నటి రంధ్రాలే. పాతదానికి అంకెని మందపాటి గుడ్డతో కత్తిరించి కుట్టారు. దీనికి ఉత్త రంగు అద్దారు.

సబ్బు తీసుకోబోతే మేఘన జెర్సీ లాక్కుంది. "లీవిట్ అమ్మా, ఇట్స్ గ్రాండ్," అంది, బాగానే ఉందిలే అన్నట్టు. జెర్సీ తొడుక్కుంటూ, నాన్న పెట్టింది మాత్రం ఎప్పుడూ కనబడేది కాదని ఇంగ్లీషులోనే గొణిగింది.

చినుకుల్లోనే దాని ఆట చూశాను. నీ మడత కుర్చీ కూడా తీసుకెళ్ళి, దానిమీద నా సంచి పెట్టాను. మనవాళ్ళు ఓడిపోయారు. నువ్వుంటే రిఫరీని తిట్టిపోసేవాడివి. ఆట అయ్యాక మేఘన స్నేహితులతో హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి, బట్టల అల్మరాలో అడుగున ఉన్న పాత జెర్సీ తీసి తిరగేశాను. అంకె వెనకాల, అన్ని ఉతుకుల తర్వాత కూడా, నీ వేలి పసుపు ముద్ర లేతగా మిగిలే ఉంది. దానిమీద నా వేలు ఆనించి చూశాను.

నా వేలి చుట్టూ ఇంకా కొంచెం పసుపు కనబడుతూనే ఉంది.