కాలితో తొక్కే మిషన్

మిషన్ల సర్వీసు ఆఫీసువారికి,

మూడో అంతస్తులో ఉండే రిటైర్డు డ్రాయింగు మాస్టారు నమస్కరించి రాస్తున్నది. ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారు గానీ మనిషి పలకడం లేదు. అందుకని ఉత్తరం.

"ఇంటికొచ్చి మిషన్ బాగుచేస్తాం, మొదటి సర్వీసు ఉచితం" అని మా తలుపు కింద చీటీ తోసింది మీరే కదా. సరేనని పిలిచాను. మీ మెకానిక్కు వచ్చాడు. వచ్చాడనడం కూడా ఎక్కువే, దూసుకుపోయాడు. నెత్తిన హెల్మెట్టు తీయలేదు, చెవికీ భుజానికీ మధ్య ఫోను, కాళ్ళకి బురద బూట్లు. నేనేమో బాత్రూములో దుప్పట్లు తొక్కుతున్నాను. "మిషనెక్కడ?" అని అరిచాడు. "లోపలికెళ్ళు నాయనా, పడకగది దాటాక..." అంటున్నాను. పూర్తిగా వింటేగా! నేను పని ముగించి కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు "అయిపోయిందండీ!" అని మెట్లు దిగిపోయాడు.

ఏమయిపోయింది? మీట నొక్కితే మిషన్ ఉలకదు, పలకదు. మా ఆవిడ చెయ్యి విరిగి వాళ్ళ చెల్లెలింట్లో ఉంది. ఆదివారం వస్తుంది. కట్టు విప్పినా బరువు పనులు వద్దన్నాడు డాక్టరు. మిషన్ తిరగకపోతే ఆ చేత్తోనే పని మొదలెడుతుంది, ఊరుకునే మనిషి కాదు. నాకు అదే బెంగ. కాస్త తీరికున్న మనిషిని పంపండి.

ఇట్లు,
తడి కాళ్ళతో,
మూడో అంతస్తు మాస్టారు

తా.క.: బూటు గుర్తులు తుడవకుండా ఉంచాను. పడకగదిలోనే ఆగిపోయాయి. అక్కణ్ణించే మంత్రం వేశాడేమో తెలీదు.

*

గౌరవనీయులైన కస్టమరుగారికి,

మీ ఉత్తరం మాకెంతో ఆనందం కలిగించింది. (ఈ వాక్యం అన్ని ఉత్తరాల్లోనూ ఉంటుందండీ, తీసేసే అధికారం నాకు లేదు.)

మా మెకానిక్కు "పని అయిపోయింది" అని రాసిచ్చాడు. అయినా మీ మాట కొట్టేయలేక ఇంకొకర్ని పంపుతున్నాను. ఈలోగా చెప్పండి: మీది మోటారుదా, కాలితో తొక్కేదా? నూనె వేసి ఎన్నాళ్ళయింది? బట్ట ఎక్కడైనా ఇరుక్కుందా?

మీ సేవలో అలసిపోయిన,
ఫిర్యాదుల విభాగం
(విభాగమంటే నేనొక్కదాన్నే)

తా.క.: మావాళ్ళకి హడావిడి ఎక్కువే. మొన్న ఒకతను దారి తప్పి మా ఆఫీసుకే వచ్చి, ఏం పాడైందో అడక్కుండా నాచేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

*

ఫిర్యాదుల అమ్మాయికి,

విభాగంలో ఒక్కదానివేనని తెలిసి కోపం సగం చచ్చింది. మిగతా సగంతో రాస్తున్నాను.

కాలితో తొక్కేదా అంటావా? మోటారు తిరగట్లేదు గనకే కదమ్మా కాలితో తొక్కుతున్నాను! తొక్కీ తొక్కీ పిక్కలు పట్టేశాయి. నూనె వేశారా అంటావు, అందులో ఎవరైనా నూనె పోస్తారా? బట్ట ఇరుక్కోవడమేమిటి, ఇంట్లో ఉన్న బట్టలన్నీ అందులోనే ఉన్నాయి!

రెండోవాడూ వచ్చాడు. పోనీ పాపం ఎండన పడి వచ్చాడని మంచినీళ్ళు తేబోయాను. ఈలోపే లోపలికెళ్ళి ఏదో టకటకమనిపించి, బయటికొచ్చి, "బ్రహ్మాండంగా ఉంది కదండీ, ఊరికే పిలుస్తారేం?" అని నన్నే కసిరాడు. మెట్ల మీంచి "ఐదు స్టార్లివ్వండి!" అని కేక. తెచ్చిన నీళ్ళు నేనే తాగాను. మిషన్ మాత్రం కదల్లేదు. నా ఓపిక అయిపోయింది తల్లీ, ఆదివారం దగ్గరపడుతోంది.

ఉంటాను,
పిక్కలు పట్టేసిన మాస్టారు

తా.క.: పిక్కలకి మందేదైనా తెలిస్తే రాయి.

*

మాస్టారుగారికి,

మీ ఉత్తరం మాకెంతో ఆనందం కలిగించింది.

"కాలితో తొక్కే రకం" అని రాసుకున్నాను. పిక్కలు పట్టేస్తున్నాయంటే మీరు నిలబడి తొక్కుతున్నారేమో, కుర్చీ వేసుకుని తొక్కండి.

ఇద్దర్నీ నిలబెట్టి అడిగాను. తుప్పు వదిలించి బెల్టు మార్చానని మొదటివాడు, గుడ్డ పెట్టి చూస్తే కుట్టు ముత్యాల్లా పడిందని రెండోవాడు ఒట్టేసి చెప్తున్నారు. మీ ఉత్తరాలు చూసి మేనేజరు ఇద్దర్నీ పనిలోంచి తీసేస్తానని కూర్చున్నాడు. వెంటనే చెప్పండి: దారం తెగుతోందా, సూది విరుగుతోందా?

ఇట్లు,
మేనేజరుకీ మెకానిక్కులకీ మధ్య నలుగుతున్న
ఫిర్యాదుల అమ్మాయి

తా.క.: గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పెట్టుకోండి. మా నాన్న చేసేదీ కుట్టుపనే, ఆయనకి అదే పనిచేస్తుంది.

*

అమ్మా ఫిర్యాదుల తల్లీ,

సూది అన్న మాట దగ్గర కూలబడిపోయాను. నాది బట్టలుతికే మిషనమ్మా! వెనక వరండాలో ఉంది. పడకగదిలో ఉన్నది మా ఆవిడ కుట్టుమిషన్, తుప్పుపట్టి ఏళ్ళ తరబడి పాతబట్టలు మోస్తోంది. మీవాళ్ళు దాని దగ్గరే ఆగి దాన్నే బాగుచేసి పోయారు.

ఆవిడ ఆదివారం రానే వచ్చింది. పడకగదిలో చక్రం మీద చెయ్యి వేసింది. తిరిగింది. "ఏవండీ, అడిగీ అడిగీ నేనే మానేశాను. మీరు గుర్తుపెట్టుకున్నారా?" అని కళ్ళు తుడుచుకుంది. నాకు గుర్తే లేదమ్మా. గుర్తుందన్నాను. ఎంత సంతోషపడిందో! ఆ మాట చచ్చినా వెనక్కి తీసుకోను.

ఆ అబ్బాయిలిద్దర్నీ తీసేయొద్దని మేనేజరుకి చెప్పు. చెరో ఐదు స్టార్లు నా లెక్కలో వేయి. ఇంకొక్క గది నడిచుంటే రెండు మిషన్లూ తిరిగేవని మాత్రం చీవాట్లు పెట్టు.

అసలు మిషన్ సంగతి ఆవిడకి మెల్లగా చెబుదామనుకున్నాను. ఈలోపే దండెం మీద దుప్పట్లు చూసేసింది. "మిషన్ ఎప్పుడైనా ఇంత తెల్లగా ఉతికిందా? ఇంక దాని జోలికెళ్ళకండి, మీరే తొక్కండి" అంది. వేళ్ళు ఆడించమన్నాడట డాక్టరు. ఆవిడ హాయిగా కూర్చుని కుడుతోంది, నేను నిలబడి తొక్కుతున్నాను.

ఆశీస్సులతో,
కాలితో తొక్కే మాస్టారు

తా.క.: బట్టలుతికే మిషన్ బాగుచేసేవాణ్ణొకణ్ణి గుట్టుగా పంపు. ఆవిడ మధ్యాహ్నం ఓ కునుకు తీస్తుంది, ఆ కాస్త టైములో వచ్చి పోవాలి. నెమ్మదస్తుడు మాత్రం వద్దు, మీ దగ్గరున్న వాళ్ళందరిలోకీ హడావిడి మనిషెవరో చూసి పంపు.